నీరు తీసే మందుతో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ పాడవుతున్నట్టేనా?

ముందుగా మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తాను. నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్లుగా హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, గుండె పంపింగ్ 30 శాతం. ఆయాసం, కాళ్ల వాపు ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక నాలుగు రోజుల్లో బరువు ఆరు కిలోలు తగ్గింది, ఇప్పుడు ఒక్క దిండు మీదే పడుకోగలుగుతున్నారు. గుండె మీది ఒత్తిడిని చెప్పే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్త పరీక్ష అంకె 6,800 నుంచి 2,900కి దిగింది. హిమోగ్లోబిన్ 11.2 నుంచి 12.1 అయింది. కానీ కిడ్నీ పనితనాన్ని చెప్పే క్రియాటినిన్ మాత్రం 1.4, 1.5, 1.7, 1.9 అంటూ రోజూ ఎక్కుతోంది. ఇంట్లో ఒకరు "గుండెను బాగుచేయబోయి కిడ్నీలు పోగొడుతున్నారు, ఆ ఇంజెక్షన్ ఆపించండి" అంటున్నారు. ఇంకొకరు కిడ్నీ గాయాన్ని పట్టే ఎన్‌గాల్ అనే పరీక్ష చేయిస్తే అసలు సంగతి తేలిపోతుందని చెప్పారు. ఎవరి మాట వినాలో తెలియక మీకు టెన్షన్ పట్టుకుంది.

నేను చాలా ఏళ్లుగా గుండె వార్డులో కిడ్నీ సమస్యలు, కిడ్నీ వార్డులో గుండె సమస్యలు చూస్తున్న వైద్యుణ్ణి. మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే, ఈ క్రియాటినిన్ పెరుగుదల కిడ్నీ దెబ్బతినడం వల్ల వచ్చినట్టు నాకు అనిపించడం లేదు. ఇంజెక్షన్ ఆపడానికి అదొక్కటే కారణం కాకూడదు. అయితే నాన్నగారి పొట్ట మీద చెయ్యి వేసి, మెడ నరం చూసి, కాలు నొక్కి చూసింది అక్కడున్న డాక్టర్లే కాబట్టి చివరి నిర్ణయం వాళ్లది. వాళ్లు ఏం చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో మీకు అర్థమయ్యేలా చెప్పడం నా పని.

గుండె, కిడ్నీల మధ్య మాటలు నడుస్తాయని మనకు తెలిసి ఎక్కువ కాలం కాలేదు. కిడ్నీ జబ్బుతో చనిపోయినవాళ్ల గుండెల్లోనూ మార్పులు కనిపిస్తున్నాయని రిచర్డ్ బ్రైట్ 1836లోనే రాశారు. కానీ గుండె తనంతట తాను ఒక హార్మోను తయారుచేసి కిడ్నీకి కబురు పంపుతుందని తేలింది 1981లో. అడాల్ఫో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుక గుండె పై గదుల కండరాన్ని నూరి, ఆ రసాన్ని వేరే ఎలుకల్లోకి ఎక్కించింది. వాటికి ఉప్పు, నీరు ధారగా మూత్రంలోకి వచ్చేశాయి. "నా మీద బరువు ఎక్కువైంది, కాస్త నీరు బయటికి పంపించు" అని గుండె కిడ్నీని అడిగే సందేశం అది. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో అదే కుటుంబానికి చెందిన ఇంకో పదార్థాన్ని కనుక్కున్నారు. మెదడులో దొరికింది కాబట్టి దాని పేరులో మెదడు చేరింది. అదే బీఎన్‌పీ, బీ అంటే బ్రెయిన్. తర్వాత చూస్తే అది ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదుల్లో. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. రిపోర్టులో అది చూసి మెదడు పరీక్ష ఎందుకు చేశారని అడిగే కుటుంబాలు నాకు ఇప్పటికీ ఎదురవుతుంటాయి.

గుండె గోడ సాగినప్పుడు 108 అమైనో ఆమ్లాల ముడి పదార్థం ఒకటి తయారై రెండు ముక్కలవుతుంది. 32 అమైనో ఆమ్లాల ముక్క బీఎన్‌పీ, అది పనిచేసే హార్మోను. మిగిలిన 76 అమైనో ఆమ్లాల ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. దానికి పనేమీ లేదు గానీ రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి కొలవడానికి వీలు. బీఎన్‌పీ సగానికి తగ్గడానికి సుమారు 20 నిమిషాలు పడితే దీనికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. మీరు గుర్తుంచుకోవాల్సిన తేడా ఇంకొకటుంది. శరీరంలో నెప్రిలైసిన్ అనే ఎంజైము బీఎన్‌పీని విరగ్గొడుతుంది. హార్ట్ ఫెయిల్యూర్‌కు వాడే సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ మాత్ర ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. అందుకని ఆ మాత్ర వేసుకునేవాళ్లలో గుండె మెరుగవుతున్నా బీఎన్‌పీ పెరిగినట్టు కనిపించవచ్చు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మీద ఆ ఎంజైము పనిచేయదు కాబట్టి వాళ్లకు ఆ పరీక్షే నమ్మదగినది. నాన్నగారు ఆ మాత్ర మీద ఉంటే ప్రతిసారీ ఒకే పరీక్ష, వీలైతే ఒకే ల్యాబులో చేయించండి. ఒకసారి బీఎన్‌పీ, ఒకసారి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చేయించి రెండు అంకెలను పోల్చుకుని భయపడ్డవాళ్లను చాలామందిని చూశాను. ఆ రెండు అంకెలకు పోలికే లేదు.

ఇక కిడ్నీ ఈ అంకెలోకి ఎలా దూరుతుందో చూద్దాం. ఈ ముక్కలు ఒంట్లోంచి బయటికి పోయే దారుల్లో కిడ్నీ ఒకటి. కిడ్నీ మందగిస్తే అవి రక్తంలో పేరుకుంటాయి. అందుకే ఆయాసంతో వచ్చిన మనిషిలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 కన్నా తక్కువుంటే అప్పటికప్పుడు ముదిరిన హార్ట్ ఫెయిల్యూర్ కాదని దాదాపు ధైర్యంగా చెప్పగలం గానీ, ఎక్కువున్నప్పుడు వయసూ కిడ్నీ స్థితీ చూడకుండా మాట్లాడలేం. హార్ట్ ఫెయిల్యూర్ ఉందని చెప్పడానికి 50 ఏళ్లలోపు వారికి 450, 50 నుంచి 75 మధ్య వారికి 900, 75 దాటినవారికి 1,800 అని వేర్వేరు గీతలు పెట్టుకున్నది వయసు కోసమే, వయసుతో పాటు తగ్గే కిడ్నీ పనితనం కూడా అందులో కొంత కలిసి వస్తుంది. ఈజీఎఫ్‌ఆర్, అంటే లెక్కగట్టిన కిడ్నీ వడపోత వేగం, 60 కన్నా తక్కువున్నవాళ్లకు 1,200 గీత వాడాలన్న సూచన కూడా ఉంది. లావుగా ఉన్నవాళ్లలో ఈ అంకె అసలు కన్నా తక్కువగా, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

అలాగని "కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి ఈ అంకె పెరిగింది, పట్టించుకోనక్కర్లేదు" అనడం పెద్ద తప్పు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల గుండె గోడలు నిజంగానే మందమవుతాయి, నిజంగానే ఒత్తిడిలో ఉంటాయి. వాళ్లలోనూ ఎక్కువ అంకె ఎక్కువ ప్రమాదాన్నే చెబుతుంది. ఒక్కసారి చూసిన అంకె కన్నా అది ఏ దిశగా పోతోందన్నది ముఖ్యం. ఆసుపత్రిలో ఉండగా 30 శాతం కన్నా ఎక్కువ తగ్గినవాళ్లు తర్వాత బాగుంటారని చాలా అధ్యయనాలు చూపించాయి. నాన్నగారిది 57 శాతం తగ్గింది. కిడ్నీ నిజంగా చతికిలబడి ఉంటే ఈ ముక్కలు బయటికి పోవడం కష్టమై అంకె ఇంత వేగంగా దిగడం అరుదు. మీ రిపోర్టుల్లో నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఇదే.

ఇప్పుడు క్రియాటినిన్ సంగతి. ఇది కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరుగుతుంది, అందుకే చవకైన, అందరికీ తెలిసిన కొలత అయింది. కానీ దాంతో మూడు చిక్కులున్నాయి. మొదటిది, అది ఆలస్యంగా పలుకుతుంది. కిడ్నీకి దెబ్బ తగిలాక అది పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండోది, కండరం మీద ఆధారపడుతుంది. ఏళ్ల తరబడి హార్ట్ ఫెయిల్యూర్‌తో చిక్కిపోయిన మనిషికి కండరం తక్కువ కాబట్టి కిడ్నీ సగం పోయినా క్రియాటినిన్ 1.1 దగ్గరే కూర్చోవచ్చు. మూడోది, మీ విషయంలో అసలైనది: వడపోత తగ్గిందని మాత్రమే అది చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. కిడ్నీ కణాలు చనిపోయినా అదే అంకె, కిడ్నీ లోపలి రక్తపు ఒత్తిడి తాత్కాలికంగా మారినా అదే అంకె.

నియమాల పుస్తకం ప్రకారం 48 గంటల్లో 0.3 పెరిగితే దానికి అక్యూట్ కిడ్నీ ఇంజురీ అని పేరు. 1.5 నుంచి 1.9కి రెండు రోజుల్లో వెళ్లింది కాబట్టి కేసు షీటు మీద మీకు ఆ మాట కనిపించే ఉంటుంది. ఆ పేరులో ఇంజురీ అంటే దెబ్బ అని ఉండడం వల్ల కుటుంబాలు బెదిరిపోతాయి. పేరు పెట్టింది క్రియాటినిన్ అంకెను బట్టి, దెబ్బను కళ్లతో చూసి కాదు. ఇంకోటి, రిపోర్టు కింద ఈజీఎఫ్‌ఆర్ 55 నుంచి 38కి పడిపోయిందని కంప్యూటరు వేసి ఉంటుంది. ఆ సూత్రం క్రియాటినిన్ నిలకడగా ఉన్నప్పుడే సరిగ్గా చెబుతుంది. రోజూ మారుతున్నప్పుడు దాన్ని పట్టుకుని "స్టేజ్ మూడు బి" అనుకోవడానికి లేదు. కిడ్నీ జబ్బుకు స్టేజీలు వేయాలంటే మూడు నెలలైనా ఆ స్థితి ఉండాలి.

నీరు తీస్తే క్రియాటినిన్ ఎందుకు పెరుగుతుంది, అయినా కిడ్నీకి మేలెలా అవుతుంది అన్నదే ఈ విషయంలో నడిబొడ్డు. కాస్త ఓపికగా చదవండి.

గుండె ఒక నిమిషంలో పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా కిడ్నీలకే వెళుతుంది. కిడ్నీలోంచి రక్తం పారాలంటే లోపలికి వచ్చే ధమని ఒత్తిడికీ, బయటికి పోయే సిర ఒత్తిడికీ తేడా ఉండాలి. ధమనిలో సగటు ఒత్తిడి 75 అనుకుందాం. సిరలో 5 ఉంటే కిడ్నీకి అందే ఒత్తిడి 70. ఒంటికి నీరు పట్టి సిరలో ఒత్తిడి 20 అయితే ధమనిలో ఏ మార్పూ లేకుండానే అది 55కి పడిపోతుంది. పైగా కిడ్నీ ఒక గట్టి తొడుగులో ఉంటుంది, ఉబ్బడానికి చోటు లేదు. వెనక నుంచి ఒత్తిడి పెరిగితే లోపలి సన్నటి గొట్టాలు నలిగిపోతాయి. సిర ఒత్తిడి పెంచితే మూత్రం తగ్గుతుందని విడిగా తీసిన కిడ్నీ మీద విన్‌టన్ అనే శాస్త్రవేత్త 1931లోనే చూపించాడు. అయినా మనం చాలా కాలం పాటు "గుండె సరిగా పంపు చేయడం లేదు, అందుకే కిడ్నీకి రక్తం అందడం లేదు" అనే ఒక్క కథే చెప్పుకున్నాం. 2009లో మల్లెన్స్ అనే వైద్యుడి బృందం ముదిరిన హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన 145 మందిని లోపలి ఒత్తిళ్లు కొలుస్తూ చూసింది. కిడ్నీ పనితనం క్షీణించినవాళ్లలో తేడాగా కనిపించింది గుండె పంపింగ్ తగ్గడం కాదు, సిర ఒత్తిడి ఎక్కువగా ఉండడం.

అంటే ఒంట్లో నిలిచిపోయిన నీరే కిడ్నీని నలుపుతోంది. నీరు తీయడం కిడ్నీకి శత్రువు కాదు, చాలాసార్లు వైద్యమే. మరి అంకె ఎందుకు పెరిగింది? రక్తనాళాల్లోంచి నీరు వేగంగా పోతోంది, కణజాలాల్లోని వాపు నీరు మళ్లీ నాళాల్లోకి చేరడానికి కొంత సమయం కావాలి. ఈ రెండింటికీ మధ్య ఎడం వచ్చినప్పుడు వడపోత ఒత్తిడి కొంచెం తగ్గుతుంది, క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. నాన్నగారి హిమోగ్లోబిన్ రక్తం ఎక్కించకుండానే పెరిగింది చూశారా, రక్తం చిక్కబడిందనడానికి అది గుర్తు. నాళాల్లోని నీరు నిజంగా తీయగలిగారన్నమాట. ఇలా చిక్కబడ్డవాళ్లలో క్రియాటినిన్ పెరిగినా, తర్వాతి నెలల్లో బతికి బాగుండే అవకాశం ఎక్కువని గమనించారు.

ఆ దశలో కిడ్నీ కణాలు దెబ్బతింటున్నాయా అన్నది కూడా నేరుగా వెతికి చూశారు. రోజ్ అనే ట్రయల్‌లో బాగా ఎక్కువ మోతాదు నీటి మందులు ఇచ్చిన 283 మంది మూత్రంలో ఎన్‌గాల్, కిమ్-1, నాగ్ అనే మూడు గుర్తులు కొలిచి 2018లో ఫలితం ప్రకటించారు. ఈ మూడూ కిడ్నీ గొట్టాల కణాలు గాయపడితే పెరిగేవి. ఐదుగురిలో ఒకరికి వడపోత చెప్పుకోదగినంత తగ్గింది, కానీ వాళ్లలో గాయం గుర్తులు మిగతావాళ్ల కన్నా పెరగలేదు. మీ ఇంట్లో నడుస్తున్న వాదనకు ఇంతకన్నా దగ్గరి సమాధానం నాకు తెలియదు.

దీన్ని నేను పుస్తకంలో చదవకముందే ఒక రోగి ద్వారా నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక పెద్దావిడకు క్రియాటినిన్ 1.3 నుంచి 1.7 అయిందని నీటి మందు ఆపేశాను. కాళ్లలో ఇంకా వాపు ఉంది, వేలితో నొక్కితే గుంట పడుతోంది. అయినా అంకె చూసి భయపడ్డాను. పది రోజుల్లో ఆమె ఊపిరాడక మళ్లీ వచ్చారు. అప్పటికి క్రియాటినిన్ 2.4. మా పై డాక్టరుగారు ఏమీ అనకుండా ఆమె మెడ నరం చూపించి, మందు రెట్టింపు చేశారు. వారం తిరిగేసరికి ఎనిమిది కిలోల నీరు పోయింది, క్రియాటినిన్ 1.5కి దిగింది. ఆవిడ పడ్డ ఆ పది రోజుల బాధ నా నిర్ణయం వల్లే. అప్పటి నుంచి క్రియాటినిన్ చూసే ముందు మంచం దగ్గరికి వెళ్లి మనిషిని చూస్తాను.

ఎన్‌గాల్ గురించి అడిగారు. అది మంచి పరీక్షే, కానీ మీ ప్రశ్నకు పనికొచ్చేది కాదు. 2005లో గుండె ఆపరేషన్ జరిగిన 71 మంది పిల్లల్లో కిడ్నీకి దెబ్బ తగిలితే రెండు గంటల్లోనే ఎన్‌గాల్ పెరిగిందనీ, క్రియాటినిన్ పెరగడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టిందనీ తేలాక దాని మీద అందరికీ ఆశలు పెరిగాయి. పిల్లలకు వేరే జబ్బులు లేవు, దెబ్బ ఎప్పుడు తగిలిందో గడియారం చూసి చెప్పవచ్చు. 68 ఏళ్ల మనిషిలో అలా కుదరదు. ఇన్‌ఫెక్షన్ ఉంటే తెల్లరక్తకణాల నుంచీ ఎన్‌గాల్ వస్తుంది, పాత కిడ్నీ జబ్బు ఉన్నా ఎక్కువే ఉంటుంది. హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన 927 మందిలో అకినెసిస్ అనే అధ్యయనం చేసి చూస్తే, కిడ్నీ క్షీణత ముందుగా చెప్పడంలో రక్తంలోని ఎన్‌గాల్ మామూలు క్రియాటినిన్ కన్నా మెరుగ్గా ఏమీ లేదని 2016లో తేలింది. టింప్-2, ఐజీఎఫ్‌బీపీ-7 అనే రెండు గుర్తులను కలిపి చూసే మూత్ర పరీక్షకు 2014లో అమెరికా అనుమతి వచ్చింది. ఐసీయూలో ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు అది ఉపయోగం. నాన్నగారు దిండు ఒక్కటే వేసుకుని నిద్రపోతున్న స్థితిలో ఈ రెండింటి కోసం డబ్బు ఖర్చు చేయవద్దని నా సలహా.

అదే ఖర్చు కిడ్నీ వడపోతను కొలిచే సిస్టాటిన్ సి అనే రక్త పరీక్ష మీద పెడితే ఒప్పుకుంటాను, అదీ ఇప్పుడు కాదు, ఇంటికెళ్లి నిలకడ పడ్డాక. న్యూక్లియస్ ఉన్న కణాలన్నీ దీన్ని దాదాపు ఒకే వేగంతో తయారుచేస్తాయి, కండరంతో పెద్దగా సంబంధం లేదు. చిక్కిపోయినవాళ్లలో క్రియాటినిన్ దాచిపెట్టిన నిజాన్ని ఇది బయటపెడుతుంది. థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు, ఊబకాయం, పొగతాగడం దీన్ని కూడా కొంత మారుస్తాయి. అందుకే క్రియాటినిన్, సిస్టాటిన్ సి రెండూ కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ అన్నిటికన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది.

చవకైన యూరియాను మాత్రం తక్కువగా చూడకండి. గుండె ఇబ్బందిలో ఉన్నప్పుడు శరీరం వాసోప్రెసిన్ లాంటి హార్మోన్లు వదిలి నీటిని పట్టి ఉంచుకుంటుంది, ఆ నీటితో పాటే యూరియా కూడా వెనక్కి వస్తుంది. కాబట్టి యూరియా ఒకేసారి కిడ్నీ గురించీ, ఆ హార్మోన్ల ఆందోళన గురించీ చెబుతుంది. ఆధీర్ అనే పెద్ద రిజిస్ట్రీలో 65 వేలకు పైగా ఆసుపత్రి చేరికలను విశ్లేషించి 2005లో ప్రకటించారు. ఆసుపత్రిలో చనిపోయే ప్రమాదాన్ని చెప్పడంలో మొదటి స్థానంలో నిలిచింది బీయూఎన్, అంటే యూరియాలోని నైట్రోజన్, 43 లేదా అంతకన్నా ఎక్కువ ఉండడం. దాని తర్వాతే పై బీపీ 115 కన్నా తక్కువ ఉండడం, క్రియాటినిన్ 2.75 లేదా అంతకు మించడం. కొన్ని ల్యాబులు బీయూఎన్ ఇస్తాయి, కొన్ని నేరుగా యూరియా ఇస్తాయి. యూరియా అంకె బీయూఎన్‌కు రెట్టింపు పైన ఉంటుంది, 43 బీయూఎన్ అంటే యూరియా సుమారు 92. మీ రిపోర్టులో ఏది రాశారో చూసుకోండి. నాన్నగారి యూరియా మీరు రాయలేదు, అది నాకు తెలియాలి.

సీఏ-125 అని రాసి ఉన్న పరీక్ష చేస్తే కంగారు పడకండి. అండాశయ క్యాన్సర్ విషయంలో వాడతారని చాలామందికి తెలుసు, అందుకే మగవాళ్లకు రాస్తే కూడా ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో ఉండే పొరలు నీటితో ఉబ్బినప్పుడు కూడా అది పెరుగుతుంది. కిడ్నీ పనితనం దాన్ని పెద్దగా మార్చదు, మనకు కావలసిన గుణం అదే. కిడ్నీ కూడా దెబ్బతిన్న 160 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో సీఏ-125ను బట్టి నీటి మందు మోతాదు నిర్ణయించి చూస్తే, ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ, 35 లోపు ఉన్నవాళ్లకు తక్కువ ఇస్తే, మూడు రోజుల్లో కిడ్నీ వడపోత మామూలు పద్ధతి కన్నా కొంత మెరుగ్గా ఉంది. ఇది నిదానంగా మారే అంకె కాబట్టి రోజూ చేయించడం వృథా.

నీటి మందు పనిచేస్తోందా అన్నదానికి ఇంతకన్నా సులువైన దారి మూత్రంలో సోడియం చూడడం. ఇంజెక్షన్ ఇచ్చిన రెండు గంటలకు పట్టిన మూత్రంలో సోడియం 50 నుంచి 70 కన్నా తక్కువుంటే మోతాదు చాలలేదని అర్థం. మొదటి ఆరు గంటల్లో గంటకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల మూత్రం కూడా రాకపోయినా అంతే. కిడ్నీ ఇంకా మందు మాట వింటోందా లేదా అన్నది ఇది అదే రోజు చెబుతుంది, క్రియాటినిన్ చెప్పలేదు.

గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ గురించి కొద్దిగా. కిడ్నీ జబ్బు, హార్ట్ ఫెయిల్యూర్ రెండూ ఉన్నవాళ్లలో అది ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది. కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేసి అది ఎక్కుతోందా చూడాలి, ఒక్క అంకెతో గుండెపోటు అనేయకూడదు. ఎస్‌టీ-2, గలెక్టిన్-3 అనేవి గుండె గట్టిపడడాన్ని సూచిస్తాయి. వీటిలో గలెక్టిన్-3 కిడ్నీ తగ్గితే పెరుగుతుంది, ఎస్‌టీ-2 మీద కిడ్నీ ప్రభావం తక్కువ. ఈ రెండింటి వల్ల రేపు మందు మారదు కాబట్టి వదిలేయవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి మాత్రం డిశ్చార్జి అయ్యాక ఒకసారి తప్పక చేయించండి. 30 దాటితే గుండెకూ కిడ్నీకీ రెండింటికీ ప్రమాదం ఎక్కువని అర్థం. ఇంత తేలికైన పరీక్షను గుండె జబ్బువాళ్లకు చాలాచోట్ల రాయరు, అది నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఇంతసేపు ధైర్యం చెప్పాను కదా, ఇప్పుడు భయపడాల్సిన పరిస్థితులు చెప్పాలి. క్రియాటినిన్ పెరుగుతూ, మూత్రం తగ్గుతూ, బరువు దిగకుండా, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కదలకుండా ఉంటే అది వేరే కథ. చేతులు కాళ్లు చల్లబడి, బీపీ 90 దిగువకు వచ్చి, మనిషి మగతగా ఉంటే గుండె నిజంగానే రక్తం పంపలేకపోతోంది. అప్పుడు నీటి మందు ఒక్కటే చాలదు, ఐసీయూ వైద్యం కావాలి. దానికి పూర్తి వ్యతిరేకమైనది నీరు అవసరానికి మించి తీసేయడం. వాపు పూర్తిగా పోయింది, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, నాలుక ఎండిపోతోంది, యూరియా క్రియాటినిన్ కన్నా వేగంగా ఎక్కుతోంది. అప్పుడు మందు తగ్గించాల్సిందే. నాన్నగారు ఈ రెండింటి మధ్య ఎక్కడున్నారన్నది కాలి వాపు, మెడ నరం, ఊపిరితిత్తుల చప్పుడు చెబుతాయి. ఇంకా వాపు మిగిలి ఉంటే కొనసాగించడం సరైనదే. వాపు పోయి ఉంటే ఇంజెక్షన్ నుంచి మాత్రకు మారే సమయం వచ్చింది. పొటాషియం కూడా ఏ రోజుకు ఆ రోజు అడగండి. ఒళ్లునొప్పులకు ఎవరైనా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఇస్తున్నారేమో కూడా చూడండి. కిడ్నీకి నిజమైన హాని చేసే మందులు అవి, నీటి మందుతో కలిస్తే మరీను.

ఇంటికి పంపే ముందు ఇంకో చిక్కు వస్తుంది. క్రియాటినిన్ 1.9 చూసి హార్ట్ ఫెయిల్యూర్‌కు వాడే ఏసీఈ మందులూ, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివీ అన్నీ ఒకేసారి ఆపేయడం జరుగుతుంటుంది. ఈ మందులు కిడ్నీ వడపోత గుత్తుల లోపలి ఒత్తిడిని తగ్గిస్తాయి. అందుకే మొదలుపెట్టిన కొత్తలో ఈజీఎఫ్‌ఆర్ కొంచెం దిగుతుంది, తర్వాత ఏళ్ల తరబడి, ఈ మందుల్లేనివాళ్ల కన్నా కిడ్నీ నిదానంగా తరుగుతుంది. మందు మొదలుపెట్టాక క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే ఆపనక్కర్లేదు. హార్ట్ ఫెయిల్యూర్‌లో 50 శాతం వరకూ, అంకె 3 దాటనంత వరకూ, పొటాషియం 5.5 లోపు ఉంటే జాగ్రత్తగా కొనసాగించవచ్చని గుండె వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ బాగా తక్కువుంటే, పొటాషియం ఎక్కువుంటే కొన్నాళ్లు ఆపడం సబబే. అలా ఆపితే "మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి" అని డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. తేదీ లేకుండా ఆపిన మందు మళ్లీ మొదలవడం చాలా కష్టం. నెలల తరబడి ఆ మందు లేకుండా గడిపి మళ్లీ ఆయాసంతో వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో.

రేపు రౌండ్స్‌లో మీరు అడగాల్సింది "ఇంజెక్షన్ ఆపేస్తారా" అని కాదు. "నాన్నగారికి ఇంకా ఎంత నీరు మిగిలి ఉంది, దాన్ని దేన్ని బట్టి చెబుతున్నారు" అని అడగండి. గుండె డాక్టరూ కిడ్నీ డాక్టరూ వేర్వేరుగా చూస్తుంటే ఒకేసారి మాట్లాడుకోమని మర్యాదగా అడగండి, ఇందులో మొహమాటం వద్దు. డిశ్చార్జి రోజు పొద్దున కాలకృత్యాలయ్యాక చూసిన బరువు, ఆ రోజు క్రియాటినిన్, యూరియా, పొటాషియం, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక మీదట పోల్చుకోవాల్సింది ఆ అంకెలతోనే, పుస్తకంలోని నార్మల్‌తో కాదు. ఇంట్లో రోజూ అదే వేళకు బరువు చూడండి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. రక్త పరీక్షలు వారం పది రోజుల్లో మళ్లీ చేయించాలి. చాలామందిలో అప్పటికి క్రియాటినిన్ పాత చోటికి దగ్గరగా దిగుతుంది.

యూరియా ఎంతో, కాళ్లలో వాపు ఇంకా ఉందో లేదో, ప్రస్తుతం వేసుకుంటున్న మందులన్నీ ఏమిటో రాయండి. చూసి మళ్లీ జవాబిస్తాను.